ముత్యాల గర్భం పోయాక

ప్రసూతి వైద్యం చదవబోయే అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైనవాళ్ల దగ్గర తీరిక ఉంటుందని ఎవరో చెప్పి పంపిస్తారేమో. "మీరు చేసిన అన్నిటికంటే కష్టమైన కాన్పు ఏది మేడమ్?" అని అడుగుతారు. అడ్డం తిరిగిన బిడ్డల గురించీ, రోడ్డు మీదే అయిన కాన్పుల గురించీ చెబుతాను. కళ్లు పెద్దవి చేసుకుని విని, కాఫీ తాగి, సంతోషంగా వెళ్లిపోతారు.

వాళ్లకి చెప్పకుండా దాటేసే సంగతి ఒకటుంది. అందులో కాన్పు లేదు, బిడ్డ కూడా లేదు. చెబితే భయపడి వేరే చదువు చూసుకుంటారేమోనని ఇన్నాళ్లూ చెప్పలేదు. భయపడేవాళ్లు భయపడనీ అని ఇప్పుడు రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

కవలలనుకున్నారు

అప్పట్లో నేను ఏలూరులో పనిచేసేదాన్ని. సత్యవేణి పుట్టిల్లు అత్తిలి దగ్గర పల్లె. కైకలూరు అవతల కొల్లేటి ఒడ్డున ఒక ఊరికి కోడలిగా వెళ్లింది. భర్త శ్రీను రొయ్యల చెరువుల మీద పనిచేసేవాడు. మేత వేయడం, నీళ్లలో గాలి ఆడించే ఏరేటర్లు చూసుకోవడం అతని పని. ఇంట్లో వాళ్లిద్దరూ, అత్తగారు అచ్చియమ్మ. అంతే.

నా దగ్గరికి వచ్చేటప్పటికి సత్యవేణికి నాలుగో నెల. పొట్ట చూస్తే ఆరో నెల అనిపించింది. అచ్చియమ్మ గారి మొహం వెలిగిపోతోంది.

"కవలలండీ డాక్టరమ్మగారూ. మా ఆడపడుచుకీ ఇలాగే ఉండేదండి. కాకపోతే మా కోడలికి వాంతులు మరీ ఎక్కువండి. మంచినీళ్లు కూడా ఇమడట్లేదు."

"రక్తం ఏమైనా కనబడిందా అమ్మా?"

"కొద్దికొద్దిగా అండి. వేడి చేసిందనుకున్నాం."

నాడి చూద్దామని సత్యవేణి చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి సన్నగా వణుకుతోంది. నాడి పరిగెడుతోంది. ఫ్యాను కింద కూర్చున్నా నుదుటి మీద చెమట ఆరడం లేదు. నాలుగో నెల కడుపుతో ఉన్న మనిషి అలా ఉండకూడదు.

స్కాన్ చేస్తే తెర మీద బిడ్డ లేదు. గర్భసంచి నిండా సన్నటి నీటి బుడగలే ఉన్నాయి. దీన్ని ముత్యాల గర్భం అంటారు. ఇంత అందమైన పేరు ఎవరు పెట్టారో గాని, వాళ్లు దాన్ని కళ్లతో చూసి ఉండరు.

"రెండు గుండెలూ కొట్టుకుంటున్నాయా అండి?" అంది సత్యవేణి, బల్ల మీద పడుకునే.

ఆ మాట చెప్పే పద్ధతి ఏ కాలేజీలోనూ నేర్పరు. నేను కుర్చీ లాక్కుని ఆమె తల దగ్గర కూర్చున్నాను. "బిడ్డ ఏర్పడలేదమ్మా. మాయ ఒక్కటే బుడగలు బుడగలుగా పెరిగిపోయింది. దాన్ని తీసేయాలి. లేకపోతే నీ ప్రాణానికి ముప్పు."

ఆమె చేత్తో పొట్ట తడుముకుంది. "అయితే ఇన్నాళ్లూ నేను ఎవరితో మాట్లాడుతున్నానండీ?" అంది.

నేను ఆమె పొట్ట మీది జెల్లు తుడిచి, చీర సర్దాను.

సుభద్ర గారు

మా పెద్ద డాక్టరు సుభద్ర గారు. పొట్టిగా, తెల్లటి నేత చీరలో ఉండేవారు. గొంతు పెంచి ఆవిడ ఎవరినీ తిట్టగా నేను వినలేదు. ఆవిడ నెమ్మదిగా మాట్లాడినప్పుడే మాకు భయం వేసేది. స్కాన్ తీసుకుని ఆవిడ దగ్గరికి పరిగెత్తాను.

"గర్భసంచి సంగతి తర్వాత. ముందు ఆ గుండె అంత వేగంగా ఎందుకు కొట్టుకుంటోందో చెప్పండి" అన్నారు.

చెప్పాను. మాయ నుంచి హెచ్‌సీజీ అనే హార్మోను వస్తుంది. మామూలు గర్భంలో అది ఒక హద్దులో ఉంటుంది. ముత్యాల గర్భంలో హద్దూ పద్దూ ఉండదు, రక్తంలోకి వరదలా వచ్చి పడుతుంది. మెదడు కింద శనగగింజంత పీయూష గ్రంథి ఉంటుంది. పిట్యూటరీ అనేది దాన్నే. థైరాయిడ్ పని చేయాలంటే ఆ గ్రంథి టీఎస్‌హెచ్ అనే హార్మోనుతో ఆజ్ఞ పంపాలి. హెచ్‌సీజీ రూపం ఇంచుమించు ఆ టీఎస్‌హెచ్ లాగే ఉంటుంది. అందుకని థైరాయిడ్ మోసపోయి, ఆజ్ఞ వచ్చిందనుకుని విపరీతంగా పనిచేస్తుంది. చేతుల వణుకూ, చెమటా, గుండె దడా అన్నీ అందుకే. పైన పీయూష గ్రంథేమో, కింద పని ఎక్కువైపోతోందని గమనించి, తన ఆజ్ఞలు ఆపేసి మౌనంగా ఉండిపోతుంది.

"మరి ఈ స్థితిలో మత్తిచ్చి ఆపరేషన్ చేస్తే?"

"గుండె తట్టుకోలేకపోవచ్చు మేడమ్."

"మరెందుకు పరిగెత్తుకొచ్చారు? నడుచుకుంటూ వెళ్లి ముందు దానికి మందు మొదలుపెట్టండి."

థైరాయిడ్ వేగం తగ్గించే మందులిచ్చి, గుండె కుదుటపడ్డాకే థియేటర్లోకి తీసుకెళ్లాం. సుభద్ర గారే స్వయంగా చేశారు. అంత జాగ్రత్త పడినా రక్తం ఆగలేదు. బీపీ పడిపోయింది. పడిపోయి, లేవలేదు. ఆవిడ చేతులు తొణక్కుండా పనిచేస్తూనే ఉన్నాయి. బయట శ్రీను, అతనితో వచ్చిన దెందులూరు బంధువులు వరసలో నిలబడి రక్తం ఇచ్చారు. చాలాసేపటికి బీపీ నిలబడింది. సత్యవేణి బతికింది.

ఆ సాయంత్రం సుభద్ర గారు ఆమె మంచం పక్కనే స్టూలు మీద కూర్చుని, మెళకువ వచ్చేదాకా లేవలేదు.

ఒకే ఒక్క అంకె

ముత్యాల గర్భం తీసేశాక మాకు ఉండే భయం ఒక్కటే. మిగిలిపోయిన కణాలు క్యాన్సరుగా మారతాయేమోనని. అందుకని హెచ్‌సీజీ ఎంత ఉందో రక్తపరీక్ష మళ్లీ మళ్లీ చేయిస్తాం. అది తగ్గి, మామూలై, కొంతకాలం అలాగే నిలబడాలి. అప్పటిదాకా మళ్లీ గర్భం రాకూడదు, వస్తే ఆ అంకె ఎందుకు పెరిగిందో తెలియదు. గర్భనిరోధక మాత్రలు రాసిచ్చాం.

సత్యవేణి క్రమం తప్పకుండా వచ్చేది. పొద్దున్నే కైకలూరులో బస్సెక్కి ఏలూరులో దిగేది. ప్రతిసారీ అంకె తగ్గుతూనే వచ్చింది. మాత్రలు వేసుకుంటోంది గనుక నెలనెలా రక్తస్రావం కనబడేది. అది మాత్రల వల్ల వచ్చేదే గాని ఒంట్లోంచి వచ్చే నెలసరి కాదు. పైకి చూసేవాళ్లకి మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే.

ఇంతలో నాకు తాడేపల్లిగూడెం బదిలీ అయింది. నేను వెళ్లేముందే అంకె మామూలుకి వచ్చింది. సుభద్ర గారు రిపోర్టు చూసి ఎప్పుడూ లేనిది గట్టిగా నవ్వారు. "గండం గడిచింది. ఇక ఈ పిల్లకి భయం లేదు" అన్నారు.

ఆవిడంటే నాకు దైవంతో సమానం. అయినా రాయాలి. ఆ మాట తప్పు. మా విద్యలో పెద్ద పెద్దవాళ్లు కూడా చేసే తప్పు అది. ఒక ప్రమాదం మీద చూపు నిలిపితే రెండోది మన వెనకనుంచి వస్తుంది. అందరం హెచ్‌సీజీ అంకెను చూస్తున్నాం. రక్తం కారిపోయిన ఆ మధ్యాహ్నం ఆమె ఒంట్లో ఇంకేం పోయిందని అడిగినవాళ్లు లేరు.

రోహిణి కార్తెలో దుప్పటి

ఏడాది దాటాక, తాడేపల్లిగూడెంలో నా గది ముందు బెంచీ మీద అచ్చియమ్మ గారు కనబడ్డారు. రోహిణి కార్తె ఎండలు. మేమంతా ఉక్కతో అల్లాడుతున్నాం. ఆవిడ పక్కన దుప్పటి కప్పుకుని ఒక మనిషి ముడుచుకుని ఉంది. సత్యవేణి అని గుర్తుపట్టడానికి నాకు కొంతసేపు పట్టింది. మొహం మైనం పూసినట్టు పాలిపోయింది. కనుబొమలు పలచబడ్డాయి. మాట్లాడితే ఒక్కో మాటా బావిలోంచి తోడినట్టు వస్తోంది.

"మీరు ఇక్కడున్నారని తెలిసి వచ్చామండి" అన్నారు అచ్చియమ్మ గారు. "పొద్దస్తమానం నిద్రేనండి. పొయ్యి దగ్గర కూర్చుంటే కూర్చున్నట్టే ఉంటుందండి. కోప్పడదామంటే మనసొప్పదు. ఒక డాక్టరుగారు బెంగ అని మాత్రలిచ్చారండి. ఇంకొకాయన థైరాయిడ్ పరీక్ష చేయించి, అంతా నార్మలే, బద్ధకం అన్నారండి."

"నెలసరి వస్తోందా సత్యవేణీ?"

"ఆ మాత్రలు ఆపేసిన కాణ్ణించి రాలేదండి."

అచ్చియమ్మ గారిని బయట కూర్చోబెట్టి తలుపేశాను. "చంకల్లో వెంట్రుకలు గీసుకుంటున్నావా?" అని అడిగాను.

సిగ్గుతో తల దించుకుంది. "లేదండి. అసలు రావట్లేదండి. ఎవరికి చెప్పుకోవాలో తెలీలేదు."

చిన్న డాక్టర్లకి ఇక్కడ ఒక మాట. ఇలాంటి ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. దానికి వచ్చే జవాబుతో సగం జబ్బు బయటపడుతుంది.

హార్మోను పరీక్షలన్నీ చేయించాను. విజయవాడలో మెదడు స్కాన్ తీయించాను. అనుమానపడ్డదే నిజమైంది. గర్భంతో ఉన్నప్పుడు పీయూష గ్రంథి ఉబ్బుతుంది, దానికి రక్తం ఎక్కువ కావాలి. సరిగ్గా అప్పుడే రక్తమంతా కారిపోయి బీపీ పడిపోతే ఆ గ్రంథి ఎండిపోతుంది. మా పుస్తకాల్లో దీన్ని నిండు కాన్పు తర్వాత వచ్చే జబ్బుగానే చెబుతారు. బిడ్డకి పాలు పడకపోతే అనుమానించమంటారు. పాలు తాగే బిడ్డే లేని చోట ఎవరు అనుమానిస్తారు?

శ్రీనుని పిలిపించి ఇద్దరికీ చెప్పాను. "ఒంట్లో మిగతా గ్రంథులన్నీ బాగానే ఉన్నాయి. వాటిని పని చేయించే గ్రంథి పోయింది" అన్నాను.

అతను ఆలోచించి అన్నాడు: "మోటారు బాగానే ఉంది, స్టార్టర్ కాలిపోయిందన్నమాటండి."

"అంతే."

"మరి థైరాయిడ్ పరీక్ష నార్మల్ అన్నారుగా అండి?"

"వాళ్లు చూసింది పైనుంచి వచ్చే ఆజ్ఞ, టీఎస్‌హెచ్ ఒక్కటే. ఒంట్లో థైరాయిడ్ ఇంత తగ్గిపోతే ఆ అంకె ఆకాశాన్నంటాలి. నార్మల్‌గా ఉండటమే ఇక్కడ జబ్బు."

అప్పటికి సుభద్ర గారు రిటైరై ఏలూరులోనే ఉంటున్నారు. ఫోన్ చేసి చెప్పాను. రిపోర్టులన్నీ ఒక్కొక్కటిగా చదివించుకున్నారు. తర్వాత, "ఆ పిల్ల నా చేతిలో చచ్చిపోతుందనుకున్నాను ఆ రోజు. బతికిందనే సంతోషంలో ఉండిపోయాను" అన్నారు. "మందు ఏది ముందు మొదలుపెట్టారు?"

"స్టెరాయిడ్, మేడమ్. అది కుదిరాకే థైరాయిడ్."

"మంచిది" అని ఫోన్ పెట్టేశారు.

ఆ వరస ముఖ్యం. జబ్బు చేసినప్పుడు ఒంటిని నిలబెట్టే స్టెరాయిడ్‌ని మూత్రపిండాల మీది గ్రంథులు పీయూష గ్రంథి ఆజ్ఞతోనే తయారుచేస్తాయి, ఆ ఆజ్ఞ ఆగిపోయాక దాన్ని మాత్రగా ఇవ్వాలి. స్టెరాయిడ్ లేని ఒంట్లో థైరాయిడ్ మాత్ర ఒక్కటే పడితే, ఉన్న కాస్త శక్తినీ అది ఖర్చు చేసేస్తుంది.

ఆపకూడని మాత్ర

మందులు పడ్డాక సత్యవేణి లేచి కూర్చుంది. తర్వాతిసారి వచ్చినప్పుడు దుప్పటి లేదు, తల్లో పూలున్నాయి. "అత్తయ్యగారు చేపల పులుసులో ఉప్పెక్కువ వేస్తారండి. ఇన్నాళ్లూ నాకు రుచే తెలీలేదు" అంది. అచ్చియమ్మ గారు "చూశారా అండీ, లేచిందో లేదో నా మీద పడింది" అన్నారు గాని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే అన్నారు.

ముగ్గురి చేతా అప్పజెప్పించుకున్నాను. స్టెరాయిడ్ మాత్ర బతికున్నన్నాళ్లూ వేసుకోవాలి. జ్వరం వస్తే మోతాదు పెంచాలి. వాంతులైతే వెంటనే ఆసుపత్రికి వచ్చి ఇంజెక్షన్ చేయించుకోవాలి. ఎవరు చెప్పినా ఆపకూడదు.

వెళ్లబోతూ సత్యవేణి ఆగింది. "నాకు పిల్లలు పుడతారా అండి?"

"అండాలు ఉన్నాయమ్మా. పీయూష గ్రంథి చేసే పనిని ఇంజెక్షన్లతో చేయించవచ్చు. విజయవాడలో పెద్ద డాక్టర్లున్నారు, నేనే పంపిస్తాను. ముందు ఏడాదిపాటు ఒళ్లు కుదుటపడనీ."

"ఏడాదా అండి" అంది. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంటూ గుమ్మం దాటింది.

వానాకాలంలో, ఒక మధ్యాహ్నం శ్రీను నుంచి ఫోన్. వెనక వాన హోరు. "జ్వరమండి, వాంతులండి, పిలిస్తే పలకట్లేదండి. ఏలూరు తీసుకెళ్తున్నాం. రోడ్డు మీదికి నీళ్లొచ్చేసి బండి కదలట్లేదు."

"స్టెరాయిడ్ మోతాదు పెంచారా?"

"అది ఆపేసిందండి. చాన్నాళ్లయింది."

"థైరాయిడ్?"

"అది వేసుకుంటోందండి."

ఏలూరులో డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసి, ఆమె గుమ్మంలోకి రాగానే ఏ ఇంజెక్షన్ ఇవ్వాలో చెప్పాను. ఆయన సిరంజిలో మందు పట్టుకుని క్యాజువాలిటీలో సిద్ధంగా నిలబడ్డాడు. ఆమె వచ్చిన క్షణంలోనే ఇచ్చాడు. కొల్లేటి రోడ్డు మీద నీళ్లు మింగేసిన సమయాన్ని ఆ మందు తిరిగి తేలేకపోయింది. నేను చేరుకునేసరికి మొహం మీద గుడ్డ కప్పేశారు.

నర్సింగ్ హోము డాక్టరు

ఎందుకు ఆపిందో తర్వాత తెలిసింది. ఏడాది ఆగలేక వాళ్లు దగ్గర్లోని ఒక నర్సింగ్ హోముకి వెళ్లారు. సత్యవేణి అక్కడ తన జబ్బు సంగతి చెప్పలేదు. చెబితే మళ్లీ ఆగమంటారని భయం. పిల్లలు కావాలని మాత్రమే చెప్పింది. ఆ డాక్టరు ఆమె సంచిలోని మాత్రలు చూసి, "థైరాయిడ్ మాత్ర మంచిదే, వాడండి. ఈ స్టెరాయిడ్ ఎందుకు? పిల్లలు కావాలనుకునేవాళ్లు ఇది వాడకూడదు" అన్నాడు.

నేను అతన్ని వెతుక్కుంటూ వెళ్లాను. కోపంతోనే వెళ్లాను. బల్ల వెనక కూర్చున్నది మొహంలో ఇంకా పసితనం పోని అబ్బాయి. బయట జనం కిక్కిరిసి ఉన్నారు. నేను చెప్పింది విని, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"వాళ్లు నాకేమీ చెప్పలేదు మేడమ్."

"నిజమే. మీరు అడిగారా?"

"లేదు మేడమ్."

"తెలియని మందు కనబడితే ఎందుకు వాడుతున్నావని అడగాలి. అడగకుండా ఆపే హక్కు మనకి లేదు."

"నేను ఆవిడకి మంచే చేద్దామనుకున్నాను మేడమ్" అన్నాడు. ఆ తర్వాత నేను తిట్టలేకపోయాను. అలాగని క్షమించాననీ చెప్పను. స్టెరాయిడ్ అనే మాట వింటేనే భయపడటం జనానికీ ఉంది, డాక్టర్లకీ ఉంది. జనానికి భయముంటే అర్థముంది. చదువుకున్నవాడికి ఉండకూడదు.

శ్రీను అడిగిన మాట

దినాలు అయ్యాక వాళ్ల ఊరు వెళ్లాను. వరద తీసింది గాని గట్ల మీద బురద ఆరలేదు. శ్రీను చెరువు దగ్గరే ఉన్నాడు. నన్ను చూసి తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి, గట్టు మీద పరిచి కూర్చోమన్నాడు. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్నాయి.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పండమ్మా" అన్నాడు. "ఆ మాత్ర ఆపకపోతే బతికేదా అండి?"

ఇలాంటి ప్రశ్నకి మా వృత్తిలో తయారుగా ఉంచుకున్న జవాబులున్నాయి. ఎవరూ చెప్పలేరనో, ఆయుష్షు అంతేననో అంటాం. అతని కళ్లలోకి చూశాక అవేవీ నోటికి రాలేదు.

"బతికేది" అన్నాను.

తల ఊపాడు. ఒకసారి ఊపి ఊరుకోలేదు, ఊపుతూనే ఉన్నాడు. మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని మొహం దాచుకున్నాడు. ఏడుపు శబ్దం ఏరేటర్ల హోరులో కలిసిపోయింది. తేరుకున్నాక అన్నాడు:

"ఈ మాట మా అమ్మకి చెప్పకండి. ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది మా అమ్మేనండి. సత్య ఏడుస్తుంటే చూడలేక తీసుకెళ్లింది. మాకు పిల్లలు కావాలని అమ్మ ఒక్కరోజు కూడా సత్యని అనలేదండి. సత్యే అడిగిందండి."

ఇంటికి వెళ్లేసరికి అచ్చియమ్మ గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేవబోయి, లేవలేక మళ్లీ కూలబడ్డారు. మనిషి సగమైపోయారు. నా చేతులు రెండూ పట్టుకున్నారు.

"మావాడు ఏమంటున్నాడండి? నాతో మాట్లాడట్లేదు. నేనేమన్నా తప్పు చేశానా డాక్టరమ్మగారూ? నాకు తెలీక ఏమన్నా చేశానా?"

శ్రీను గుమ్మం పక్కన నిలబడి నా వైపే చూస్తున్నాడు.

"కన్నతల్లి అయినా మీరు చూసుకున్నట్టు చూసుకోలేదమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు. ఆవిడ అడిగినదానికి జవాబు కూడా కాదు.

ఆవిడ ఇంకేమైనా చెబుతానేమోనని నా మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. నేను చెప్పలేదు. తర్వాత చేతులు వదిలి, "కాసిని మజ్జిగైనా పుచ్చుకోండి, ఎండన పడి వచ్చారు" అంటూ గోడ పట్టుకుని లోపలికి వెళ్లారు.

అచ్చియమ్మ గారు పోయారని ఈమధ్యే శ్రీను ఫోన్ చేసి చెప్పాడు. అందుకే ఇదంతా ఇప్పుడు రాయగలిగాను.